రైతు ఇంట్లో పప్పు ఎందుకు పలచబడింది?

తెలంగాణ పల్లెల్లో ఎదురైన మనిషిని పలకరించే మాటల్లో "ఏం కూర?" అన్నది ఒకటి. మర్యాదకు అడిగే మాటే అయినా, మెట్ట రైతు ఇంటి తిండి సంగతి తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి ప్రశ్న లేదు. "అన్నం తిన్నారా" అంటే ఆషాఢంలోనూ భాద్రపదంలోనూ తిన్నామనే చెబుతారు. అబద్ధం కాదు. రేషన్ బియ్యం ఉన్నాయి, చాలకపోతే మిగతావన్నీ మానుకుని ముందు బియ్యమే కొంటారు కాబట్టి కుండలో మెతుకులుంటాయి. కూరేమిటని అడిగితేనే పచ్చిపులుసు, నీళ్లచారు, పల్లికారం, నిరుడు పెట్టిన మామిడికాయ తొక్కు బయటికొస్తాయి. దీపావళికి పత్తి ఏరి అమ్మేదాకా మూడు నాలుగు నెలలు, వారంలో ఎక్కువ రోజులు అవే.

మెట్ట రైతు ఇంటి ఆకలి ఇవాళ గింజల ఆకలి కాదు, కూర ఆకలి. పప్పు, ఆకుకూర, గుడ్డు, పాలు, నూనె లేని అన్నం కడుపు నింపుతుంది గానీ ఒంటికి బలమివ్వదు. మన లెక్కలన్నీ బియ్యం చుట్టూనే తిరుగుతున్నాయి గనుక ఈ ఆకలి ఏ లెక్కలోకీ రావడం లేదు. దీనికి కారణం ఆ ఇంటి ఇల్లాలికి వంట తెలియకపోవడం కాదు, పోషకాహారం మీద అవగాహన లేకపోవడం అంతకన్నా కాదు. చేనుకూ వంటింటికీ మధ్య ఉండే దారి మూసుకుపోయింది. అది ఎలా మూసుకుపోయిందో చూడకుండా అవగాహన సదస్సులు పెట్టడం దండగ.

ముందు బియ్యం లెక్కే చూద్దాం. తెలంగాణలో రేషన్ కార్డు మీద మనిషికి నెలకు 6 కిలోలు. నలుగురున్న ఇంటికి 24 కిలోలు, అంటే రోజుకు 800 గ్రాములు. పొలం పని చేసే పెద్దవాళ్లు రోజుకు 450 గ్రాముల బియ్యం తక్కువ కాకుండా తింటారు, ఎదిగే పిల్లలు 250 గ్రాములు. ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలకు మొత్తం 1,400 గ్రాములు. ఆ లెక్కన రేషన్ బియ్యం పదిహేడో తేదీకి అయిపోతాయి. నెలకు మరో 18 కిలోలు బయట కొనాలి. కిలో 45 రూపాయలనుకున్నా 810 రూపాయలు. చేతిలో డబ్బున్న నెలల్లో ఇది పెద్ద మాట కాదు. చేతిలో లేని నెలల్లో ఆ 810 రూపాయలు వచ్చేది కూర డబ్బుల్లోంచే.

చేతిలో డబ్బు లేని నెలలు ఏవో పంచాంగం చూసి చెప్పవచ్చు. మృగశిర కార్తె వచ్చే సరికి ఇంట్లో ఉన్నదంతా దుక్కులకూ విత్తనాలకూ పోతుంది. 475 గ్రాముల పత్తి విత్తనాల ప్యాకెట్టు 2024లో 864 రూపాయలు. ఎకరానికి రెండు ప్యాకెట్లు పడతాయి. ఒక్క ప్యాకెట్టు డబ్బుతో ఐదు కిలోలకు పైగా కందిపప్పు వచ్చేది. తొలకరి చినుకులు చూసి విత్తాక వాన పదిహేను రోజులు మొహం చాటేస్తే మొలక మాడిపోతుంది, మళ్లీ విత్తాలి. ఆ రెండో విడత ప్యాకెట్ల డబ్బు ఏ ఖాతాలోంచి వస్తుందో చూస్తే పప్పు ఎందుకు పలచబడిందో సగం తెలిసిపోతుంది. తర్వాత డీఏపీ, యూరియా, కలుపు కూలి, మందులు. ఇవన్నీ పంట అమ్మిపెట్టే అడ్తి సేటు దగ్గరో ఎరువుల షాపులోనో అప్పు. నూటికి నెలకు రెండు రూపాయల మిత్తి, అంటే ఏడాదికి 24 శాతం. కిరాణా కొట్టులో కూడా ఖాతానే. ఖాతా మీద తెచ్చే సరుకుకు ధర కొంచెం ఎక్కువ పడుతుంది, అంతకంటే ముఖ్యంగా ఏం తేవాలన్నది కొట్టువాడి ముఖం చూసి తేవాలి. కిలో కందిపప్పు అడగడానికి నోరు రాక పావుకిలో అడుగుతారు.

ఎండాకాలంలో ఉపాధి హామీ పనుల డబ్బు కొంత ఆదుకుంటుంది. 2006 ఫిబ్రవరి 2న ఆ పథకం దేశంలో మొట్టమొదట మొదలైంది అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే. చట్టం ప్రకారం కూలి 15 రోజుల్లో పడాలి. ఆలస్యమైతే ఆ ఆలస్యం నేరుగా వంటింట్లో కనిపిస్తుంది.

సరుకు తగ్గించుకోవడానికి కూడా ఒక వరస ఉంటుంది. దాదాపు అన్ని ఇళ్లలో అదే వరస. మొదట ఆదివారం మాంసం ఆగిపోతుంది. తర్వాత పప్పు. పావుకిలో వేసి గట్టిగా వండే ఇంట్లో గుప్పెడు పప్పుకు చింతపండు పులుసు, నీళ్లు జోడించి చారు చేస్తారు. పేరు పప్పుచారే, మనిషికి పదీ పదిహేను గ్రాముల పప్పు కూడా దక్కదు. ఆ తర్వాత పాలు. బర్రె ఉన్న ఇల్లే అయినా రెండు పూటల పాలూ పాల కేంద్రానికి పోతాయి, పిల్లలకు చాయ్ మిగులుతుంది. కోళ్లుంటే గుడ్లు కూడా అంతే, అమ్మకానికే. నూనె పొదుపు మొదలయ్యాక తాలింపు తప్ప వేపుడు ఉండదు. సంతలో కూరగాయల వంతు వచ్చేసరికి టమాటా ధర కిలో యాభై అరవై దాటి ఉంటుంది, ఎందుకంటే వానాకాలం మొదట్లో కూరగాయలు తక్కువ, ధరలు ఎక్కువ. అన్నిటికంటే చివర తగ్గేది ఇల్లాలి కంచం. ఆమె అందరూ తిన్నాక తింటుంది గనుక అది తగ్గినట్టు ఇంట్లో వాళ్లకే తెలియదు. కూర గిన్నెలో అడుగున ఎంతుందో దాన్నిబట్టే ఆమె వంతు.

ఆ ఇల్లాలి ఒంట్లోకి ఏం పోతోందో లెక్క వేయడం కష్టం కాదు. 450 గ్రాముల బియ్యంలో సుమారు 1,600 కిలో క్యాలరీలు, 36 గ్రాముల మాంసకృత్తులు, 3 మిల్లీగ్రాముల ఇనుము ఉంటాయి. పులుసు, కారం, చెంచాడు నూనె కలిపినా 1,700 దాటదు. భారత వైద్య పరిశోధన మండలి 2020లో ఇచ్చిన ప్రమాణాల ప్రకారం ఓ మోస్తరు శ్రమ చేసే స్త్రీకి రోజుకు 2,130 కిలో క్యాలరీలు, బరువు పని చేసే స్త్రీకి 2,720 కావాలి. మాంసకృత్తులు 46 గ్రాములు, ఇనుము 29 మిల్లీగ్రాములు. పొద్దున ఏడింటికి కలుపుకు పోయి సాయంత్రం దాకా వంగి పనిచేసే మనిషిది ఏ రకం శ్రమో వేరే చెప్పాలా? 29 కావలసిన చోట 3 మిల్లీగ్రాముల ఇనుము! బియ్యపు మాంసకృత్తుల్లో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ, పప్పు తోడైతేనే అవి ఒంటికి పూర్తిగా పనికొస్తాయి. అంటే పప్పు పోవడంతో బియ్యం విలువ కూడా తగ్గిపోతోంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత తెలంగాణలో 57.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం. ఐదేళ్లలోపు పిల్లల్లో తెలంగాణలో 70, ఆంధ్రలో 63.2. ఈ అంకెలు చూసి ఆశ్చర్యపోయేవాళ్లు పై కూర గిన్నె సంగతి ఎన్నడూ చూడనివాళ్లే.

రేషన్ బియ్యంలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపిన గింజలు వందకు ఒకటి చొప్పున కలపడం మొదలుపెట్టారు. 2024 నాటికి ఇది దేశమంతటా అమలైంది. కాగితం మీద దీనితో ఇనుము లోటు కొంతవరకు తీరాలి. వంటింట్లో జరిగేది వేరు. ఆ గింజలు మామూలు గింజల్లా ఉండవు, రంగు కాస్త తేడా, నీళ్లలో వేస్తే కొన్ని తేలతాయి. ప్లాస్టిక్ బియ్యమని భయపడి చేటలో ఏరి పారేసేవాళ్లు, కడిగేటప్పుడు తేలినవి పారబోసేవాళ్లు ఊరికి చాలామంది ఉన్నారు. డీలరు దగ్గర ఒక బోర్డు, రెండు మాటలు చాలు ఈ నష్టం ఆపడానికి. ఇంకొకటి, భోజనం అయిన వెంటనే చాయ్ తాగితే తిన్న ఇనుము ఒంటికి సరిగా పట్టదు. గంట ఆగి తాగాలి. చారులో నిమ్మకాయ పిండుకుంటే, ఉసిరికాయ ముక్క నంజుకుంటే పట్టేది పెరుగుతుంది. ఖర్చు లేని పనులివి. కానీ ఇవి కూరకు బదులు కావు.

ఇంటి తిండి ఎంత ఇరుకుగా ఉందో కొలవడానికి ప్రపంచమంతా వాడే పద్ధతి ఒకటుంది. ఏ ఊరి ఆశా కార్యకర్త అయినా పది నిమిషాల్లో చేయగలదు. నిన్న పొద్దున్నుంచి ఇవాళ పొద్దుటి దాకా ఏమేం తిన్నావని స్త్రీని అడగాలి. వచ్చిన జవాబును పది రకాలుగా విడదీయాలి: బియ్యం జొన్న లాంటి ధాన్యాలూ దుంపలూ, పప్పులు, పల్లీలు నువ్వుల్లాంటి గింజలు, పాలు పెరుగు, మాంసం చేపలు, గుడ్లు, ముదురాకుపచ్చ ఆకుకూరలు, గుమ్మడి మామిడి లాంటి పసుపు రంగువి, మిగతా కూరగాయలు, మిగతా పండ్లు. ఐదింటికి తగ్గితే ఆ తిండి సరిపోనట్టు. చాయ్‌లో పడే రెండు చెంచాల పాలు, పచ్చిపులుసులో ఉల్లిపాయ ముక్క లాంటివి లెక్కలోకి రావు, కనీసం 15 గ్రాములుండాలి. అన్నం, నీళ్లచారు, తొక్కు తిన్న రోజున ఎంత సర్ది చెప్పినా లెక్క రెండు దాటదు. అడిగే కాలం కూడా ముఖ్యం. సంక్రాంతికి అడిగితే అదే ఇంట్లో కొత్త కందులు, చిక్కుడు జాతి అనపకాయలు, పాలకూర, సంత కూరగాయలతో ఐదుకు చేరవచ్చు. సర్వే ఎప్పుడు చేశారో చెప్పని అంకెను నమ్మకూడదని నా గట్టి అభిప్రాయం. అడగాల్సింది శ్రావణ భాద్రపదాల్లో.

చేను వంటింటికి దూరమైన తీరు చూద్దాం. నలభై ఏళ్ల కిందటి ఎర్ర చెలకలో, అంటే ఎర్రమట్టి మెట్ట చేలో, ఒక్క పంట ఉండేది కాదు. జొన్న సాళ్ల మధ్య అక్కడి సాళ్లలో (అంతర పంట వేసే సాళ్లలో) కంది, దానితో పెసర, బొబ్బర, అనప, గట్ల మీద నువ్వులు, గోంగూర, దోస తీగ. పెసర ఆగస్టు చివరికే చేతికొచ్చేది. అంటే గడ్డుకాలం మధ్యలోనే పప్పు ఇంట్లో పడేది. బొబ్బర, జొన్న తర్వాత. కంది సంక్రాంతికి. ఒక దాని తర్వాత ఒకటి వచ్చేలా ఉన్న ఈ వరసే అసలు భద్రత. పత్తి ఈ వరసను తుడిచిపెట్టింది. పత్తి డబ్బు ఒకేసారి, ఏడాది చివర వస్తుంది, వచ్చిన రోజే బాకీ కింద పోతుంది. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం రెండు రూపాయలకు కిలో బియ్యం ఇచ్చింది. ఎందరో ప్రాణాలు నిలిపిన పథకం అది, దాన్ని తక్కువ చేసి మాట్లాడితే కళ్లు పోతాయి. అయితే అన్నం రేషన్ నుంచి వస్తుంది గదా అని జొన్న చేను ఖాళీ అయింది, జొన్నతోపాటు దాని మధ్య బతికిన పప్పులూ పోయాయి. రేషన్ షాపు జొన్నకు బదులు బియ్యం ఇచ్చింది, కందికీ పెసరకూ బదులు మాత్రం ఏమీ ఇవ్వలేదు. 2002లో జన్యుమార్పిడి చేసిన బీటీ పత్తికి అనుమతి వచ్చాక మిగిలిన చెలకలు కూడా అటే మళ్లాయి. అనంతపురంలో ఇదే పని పత్తి బదులు వేరుశనగ చేసింది.

పాత తిండి బంగారమని నేను అనడం లేదు. జొన్న తప్ప మరేదీ దొరకని పేదల్లో చర్మం పగిలి నల్లబడే పెల్లాగ్రా జబ్బు ఈ దక్కను నేల మీద ఉండేది. హైదరాబాద్‌లో ఇప్పటి జాతీయ పోషకాహార సంస్థలో సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంటియా 1960 ప్రాంతంలో దాని కారణాలు వెతుకుతూ జొన్నలో లూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ కావడాన్ని ఒక కారణంగా చూపారు. ఒకే గింజ మీద బతకడం జొన్నతోనైనా ప్రమాదమే, బియ్యంతోనైనా ప్రమాదమే. చిరుధాన్యాల ప్రచారంలో ఈ మాట వినిపించదు. జొన్నరొట్టెతో పప్పూ ఆకుకూరా లేకపోతే అది కూడా వట్టి రొట్టే.

ఆకుకూరల సంగతి ఇంకా బాధాకరం. విత్తకుండా, నీళ్లు పెట్టకుండా చేలల్లో మొలిచే కూరలు వానాకాలంలో కోకొల్లలు: గునుగు, తుమ్మి, చెంచలికూర, గంగవాయిలి, పొన్నగంటి, గలిజేరు. కలుపు తీయడానికి వెళ్లిన కైకిలి (కూలి) స్త్రీలు సాయంత్రం కొంగులో కట్టుకొచ్చేది ఇదే. భూమి లేని ఇంటికి కూడా ఇవి దొరికేవి, ఎందుకంటే కలుపు ఎవరిదీ కాదు. సరిగ్గా కిరాణా ఖాతా నిండిపోయిన నెలల్లోనే ఇవి మొలుస్తాయి. వినాయక చవితికి తుమ్మికూర వండుకునే ఆచారం తెలంగాణలో ఉండనే ఉంది. ఇప్పుడు గడ్డిమందు వచ్చింది. మందుకు తట్టుకునే అనుమతి లేని పత్తి విత్తనం దొంగచాటుగా అమ్ముడవుతోంది. అది వేసిన చేలో గడ్డిమందు కొడితే పత్తి తప్ప పచ్చటిదేదీ మిగలదు. కలుపు కూలి ఖర్చు తప్పిందని రైతు ఊపిరి పీల్చుకుంటాడు, ఆ కోణంలో అతని తప్పు లేదు. కానీ ఆ ఒక్క పిచికారీతో కూలి స్త్రీ పని పోయింది, ఆమె కొంగులో కూర పోయింది, రైతు తన అక్కడి సాలులో వేసుకోగలిగిన కంది పోయింది. చుట్టూ మందు కొట్టే చేల మధ్య మొలిచిన ఆకులు కోసుకు తినడం కూడా క్షేమం కాదు.

మరి రైతు తన తిండి తానెందుకు పండించుకోడు? ఈ ప్రశ్న అడిగేవాళ్లు ముందు కౌలు సంగతి తెలుసుకోవాలి. కౌలు పంటలో పాలుగా ఉన్నప్పుడు ఏ పంటైనా వేయొచ్చు. ఇప్పుడు ఎకరానికి ఇంత అని నగదు, అదీ చాలాచోట్ల ముందే కట్టాలి. నగదు కౌలు కట్టినవాడు నగదు పంటే వేస్తాడు. రైతుబంధు 2018లో మొదలైనప్పటి నుంచి పట్టాదారు ఖాతాలోకే వెళ్లింది, కౌలుదారుకు రాలేదు. అప్పిచ్చే షాపు కూడా పత్తికి ఇచ్చినంత సులువుగా జొన్నకు ఇవ్వదు. తర్వాత పిట్టలు. ఊరంతా జొన్న వేసినప్పుడు పిట్టలు తిన్నది తెలియదు. వంద ఎకరాల పత్తి మధ్య ఒక్క అరెకరం జొన్న ఉంటే చుట్టుపక్కల చిలకలూ పిచ్చుకలూ అక్కడే దిగుతాయి, పాలు పట్టిన దశ నుంచి మూడు వారాలు మంచె మీద మనిషి ఉండాలి. అడవి పందులు, కోతులు సరేసరి. కొర్ర, సామ వేస్తే పొట్టు తీసే గిర్ని దగ్గర్లో ఉండదు. రోకలితో దంచాలి, ఆ పని మళ్లీ ఇల్లాలి మీదే. ఇన్ని అడ్డంకులున్న మనిషిని బద్ధకస్తుడనడం అన్యాయం.

అయినా మూడెకరాల సొంత చెలక ఉన్న ఇల్లు అరెకరం వంటింటికి కేటాయించుకోవాలనే నా వాదన. దానికి లెక్క ఉంది. వానాధారపు అరెకరంలో పత్తి మూడు క్వింటాళ్లు, ధర 7,000 అనుకుంటే 21,000 రూపాయలు. విత్తనం 900, దుక్కి గుంటుక 2,500, ఎరువులు మందులు 4,500, కలుపు 3,000, ఏరడానికి కిలోకు పదీ పన్నెండు చొప్పున 3,300. ఖర్చు 14,200. మిగిలేది 6,800, అదీ ఇంటివాళ్ల కష్టమూ అప్పు మిత్తీ లెక్కేయకుండా. అదే అరెకరంలో రెండు సాళ్లు జొన్న, ఒక సాలు కంది వేస్తే ఓ మోస్తరు ఏట రెండు క్వింటాళ్ల జొన్న, 75 కిలోల కంది వస్తాయి. కందిని పప్పు చేస్తే నూటికి 65 పాళ్లు, అంటే సుమారు 49 కిలోలు. నలుగురికి రోజూ మనిషికి 33 గ్రాములు, ఏడాది పొడవునా! కిలో 130 లెక్కన కొంటే ఆ పప్పే 6,370 రూపాయలు. జొన్న, చొప్ప అదనం. పెట్టుబడి అయిదారు వేలు. ధర బాగున్న ఏట పత్తే లాభం, కాదనను. వాన మొహం చాటేసిన ఏట పత్తి అప్పు మిగులుస్తుంది, కంది ఎంతో కొంత పప్పు మిగులుస్తుంది. ఆ తేడా కోసమే అరెకరం.

వేసేటప్పుడు కొన్ని జాగ్రత్తలు. జొన్న విత్తడం జూలై మొదటి వారం దాటితే మొవ్వు ఈగ మొక్క సుడిని చంపేస్తుంది, తొలి వానలకే విత్తాలి. అరెకరానికి రెండు కిలోల జొన్న, కిలో కంది సరిపోతాయి. నల్లరేగడిలో కందికి ఎండు తెగులు భయం ఉంటుంది. దాన్ని తట్టుకునే ఆశ రకాన్ని పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పరిశోధన కేంద్రంలోనే తయారుచేశారు. పూత దశలో మబ్బు పట్టిన రోజుల్లో శనగపచ్చ పురుగు దిగుతుంది. అరెకరానికి మందు కొనడం దండగ, చెట్ల కింద పట్టా పరిచి మెల్లగా దులిపితే రాలిన పురుగుల్ని కోళ్లు తింటాయి. జొన్న కోశాక కంది ఒంటరిగా జనవరి దాకా నిలబడాలి. చుట్టూ చేలు ఖాళీ అయి పశువులు వదిలేస్తారు, అసలు నష్టం అప్పుడే. నలుగురైదుగురు ఒకే వైపు పక్కపక్కన వేసుకుంటే పిట్టల కాపలా, పశువుల కాపలా రెండూ వంతులేసుకోవచ్చు. ఒంటరిగా వేసి దెబ్బతిన్నవాడు మరుసటేడు వేయడు. మొత్తం జొన్నకు బదులు పెసర వేసినా బాగే, 65, 70 రోజుల్లో చేతికొచ్చి గడ్డుకాలాన్ని మధ్యలోనే తెంచుతుంది.

పండించడం కంటే దాచడం దగ్గర ఎక్కువమంది ఓడిపోతారు. కంది జనవరిలో వస్తుంది, అప్పు కూడా అప్పుడే తరుముతుంది, ధర తక్కువున్నప్పుడే అంతా అమ్మేస్తారు. ఆగస్టులో అదే కంది పప్పుగా మారి ఎక్కువ ధరకు తిరిగి ఇంటికొస్తుంది. తాండూరు కందిపప్పుకు 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పప్పు పేరు దేశమంతా తెలిసింది గానీ పక్క మండలం పత్తి రైతు దాన్ని కొట్టులోనే కొనాలి. ఇంట్లో ఉంచుకున్నవాళ్లకు పుచ్చు బెడద. పంటి కింద కటుక్కున విరిగేదాకా కందులు ఎండాలి, ఎండ వేడి దిగాకే డబ్బాలో పోయాలి, లేకపోతే లోపల చెమ్మ పట్టి బూజు వస్తుంది. ఎర్రమట్టి పలచగా కలిపి కందులకు పట్టించి ఎండబెడితే పురుగు గుడ్డు పెట్టలేదు. ఇది పాత పద్ధతే, పైగా పప్పు విసిరేటప్పుడు పొట్టు సులువుగా వదులుతుంది. పెసర, బొబ్బరలకు గాలి చొరని మూడు పొరల సంచి మేలు. ఎండాకాలం చవకగా దొరికే వంకాయ, గోరుచిక్కుడు, టమాటా వరుగులు చేసి పెట్టుకుంటే శ్రావణంలో అవే కూర. గోంగూర ఎండబెట్టినా నిలుస్తుంది.

ఇవన్నీ భూమి ఉన్నవాళ్లకు. కౌలుదారుకూ కూలికీ రేషన్ షాపే దిక్కు, అక్కడ బియ్యం తప్ప ఏమీ లేదు. 2013 ఆహార భద్రతా చట్టంలో ఉన్నవి ధాన్యాలే, పప్పు మాట లేదు. అదే ఏడాది ఉమ్మడి రాష్ట్రంలో అమ్మహస్తం పేరుతో 185 రూపాయలకు తొమ్మిది సరుకులు ఇచ్చారు. అందులో కిలో కందిపప్పు, లీటరు పామాయిల్, చింతపండు, కారం, పసుపు ఉండేవి. సరుకు నాణ్యత మీద ఫిర్యాదులు వచ్చాయి, పథకం పోయింది. నాణ్యత సరిచేయాల్సింది పోయి పథకాన్నే వదిలేశారు. 2025 ఉగాది నుంచి తెలంగాణలో దొడ్డు బియ్యం బదులు సన్నబియ్యం ఇస్తున్నారు. కిలో ఎనిమిదికో పదికో దళారులకు అమ్ముకునే అవసరం దీంతో తగ్గుతుంది, ఇది మంచి పనే. కానీ అన్నం సన్నబడితే కూర చిక్కబడదు. నలుగురి ఇంటికి నెలకు మూడు కిలోల పప్పు, రెండు లీటర్ల నూనె, కనీసం జూన్ నుంచి నవంబరు దాకా ఆరు నెలలైనా కార్డు మీద ఇవ్వాలి. జొన్న, రాగి రేషన్‌లో పెట్టడం కర్ణాటక చేస్తూనే ఉంది, మనకు చేతకాని పనేమీ కాదు.

అంగన్‌వాడీ భోజనం సంగతి కూడా సరిచేయవచ్చు. తెలంగాణలో 2015 నుంచి ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణులకు, బాలింతలకు ఒక పూట పూర్తి భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇస్తున్నారు. పథకంలో లోపం లేదు, గడియారంలో ఉంది. మధ్యాహ్నం కేంద్రానికి వచ్చి తినాలి. కలుపు రోజుల్లో ఆ వేళకు ఆమె రెండు కిలోమీటర్ల అవతల చేలో ఉంటుంది, పని వదిలి వస్తే కూలి కోత. జూలై నుంచి సెప్టెంబరు దాకా ఈ భోజనాన్ని పొద్దున ఏడు గంటలలోపు సద్దిగా కట్టి ఇస్తే ఆమె అంబటాల్ల వేళకు, అంటే పొద్దెక్కాక అంబలి తాగే వేళకు, చేలోనే తింటుంది. ఇంటికి తీసుకెళితే అందరూ పంచుకు తింటారన్న భయం నిజమే. చేనుకు తీసుకెళితే ఆ భయం చాలావరకు తీరుతుంది.

జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ మహిళా సంఘాలు 1990ల మధ్యలోనే ఊరి గింజల నిధి నడిపి చూపించాయి. బీడు భూములు సాగులోకి తేవడానికి అప్పిచ్చి, ఆ అప్పును డబ్బుగా కాక జొన్నలుగా తిరిగి తీసుకుని, ఊళ్లోనే దాచి, గడ్డు నెలల్లో పేద ఇళ్లకు తక్కువ ధరకు అమ్మారు. ఏ ఇల్లు పేదదో ఆ స్త్రీలే కూర్చుని తేల్చారు. ఇప్పుడు ప్రతి ఊళ్లో పొదుపు సంఘాలున్నాయి. అదే పని కందితో చేయొచ్చు. జనవరిలో సభ్యురాలు 50 కిలోల కంది సంఘం గదిలో పెడితే, బాకీ తీర్చుకోవడానికి ఆనాటి ధరలో సగం డబ్బు అప్పుగా ఇవ్వాలి. జూన్ తర్వాత విడతలుగా తన కంది తాను తీసుకుపోవచ్చు. కంది లేని కూలి ఇంటికి పది కిలోలు అప్పిచ్చి మరుసటి జనవరిలో పదకొండు తీసుకుంటే తరుగు పోను నిధి నిలబడుతుంది. గింజల అప్పు మీద నాగు పేరుతో వెనకటి దొరలు గుంజినంత మిత్తి పెడితే ఎవరూ రారు. చెడిపోయేది ఎక్కడో కూడా తెలుసు: గదిలో చెమ్మ, తూకం రాసే పుస్తకం ఒక్కరి చేతిలోనే ఉండటం, కరువు ఏట బాకీలు రాకపోవడం. కరువు ఏట వసూలు ఆపి వాయిదా వేయాలని మొదటే రాసుకోవాలి. నిధి తలుపులు తీయాల్సిన రోజు బోనాల వారమే, ఎందుకంటే కొట్టు ఖాతా నిండేది అప్పటికే.